కరెంటు అనే ఒక్క మాటతో వచ్చిన తంటా

కరెంటు పోతుంది, వస్తుంది, కొడుతుంది, కాలుతుంది. గీజర్ కరెంటు లాగేస్తుంది, ఏసీ కరెంటు తినేస్తుంది. సాయంత్రం ఏడయ్యేసరికి మా ఊళ్ళో కరెంటు తక్కువొస్తుంది, ఎప్పుడైనా ఎక్కువొచ్చి నాలుగు బల్బులు ఎగరగొట్టి పోతుంది. స్తంభం కరెంటు స్తంభం, బిల్లు కరెంటు బిల్లు, ఫ్యూజు పోతే ఫోన్ చేసేది కరెంటాఫీసుకి. ఇన్ని పనులు ఒకే మాటతో నెట్టుకొస్తున్నాం, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, చెప్పేవాడికీ వినేవాడికీ అర్థమైపోతుంది. ఇబ్బందల్లా పదో తరగతిలో మొదలవుతుంది. అక్కడ పుస్తకం ఈ ఒక్క మాటని పట్టుకుని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఒక్కో అక్షరం, ఒక్కో ప్రమాణం ఇచ్చి, రేపటికల్లా నేర్చుకుని రమ్మంటుంది.

మా అక్క కూతురు ఈ ఏడాది పదో తరగతి. సంక్రాంతికి నరసరావుపేట దగ్గర మా ఊరొచ్చినప్పుడు ఫిజిక్స్ పుస్తకం కూడా వెంట తెచ్చుకుంది పాపం. "మామయ్యా, ఫార్ములాలన్నీ వచ్చు, లెక్కలు కూడా చేసేస్తా, కానీ ఏది ఏంటో తెలీట్లేదు" అంది. నేను ఎప్పుడో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం చేస్తున్నవాణ్ణి, అయినా చదివిన చదువు ఊరికే పోదుగా, మూడు రోజులు ఇద్దరం కూర్చున్నాం. ఆ మూడు రోజుల్లో మాకు తేలిందేంటంటే, దానికి రానిది ఫిజిక్స్ కాదు. ఇంట్లో చిన్నప్పట్నుంచీ విన్న కరెంటు వేరు, పుస్తకంలో కరెంటు వేరు, ఆ రెండూ తలలో కలిసిపోయి ఉన్నాయి.

మొదట అడిగాను, గోడకున్న ప్లగ్గులో కరెంటు ఉందా అని. ఉంది అంది. దాంట్లో ఏమీ పెట్టలేదుగా అన్నాను. "పెట్టకపోతే ఏంటి, వేలు పెడితే కొడుతుందిగా" అంది. ఎవరిని అడిగినా ఇదే అంటారు. కానీ పుస్తకం లెక్కలో ఆ ప్లగ్గులో కరెంటు సున్నా. ఏమీ ప్రవహించడం లేదు కాబట్టి విద్యుత్ ప్రవాహం సున్నా ఆంపియర్లు. అక్కడున్నది 230 వోల్టుల వోల్టేజీ, అంటే రెండు రంధ్రాల మధ్య పొటెన్షియల్ భేదం. దారి దొరికితే తోసెయ్యడానికి సిద్ధంగా ఉన్న తోపు అది, దారి ఇంకా దొరకలేదంతే. కాబట్టి "కరెంటు పోయింది" అంటే పోయింది వోల్టేజీ. "కరెంటు తక్కువొస్తోంది" అన్నా తగ్గింది వోల్టేజీయే. "కరెంటు బాగా కాలింది" అంటే అది శక్తి, యూనిట్లలో కొలిచేది. గీజర్ లాగేస్తుంది అన్నప్పుడు మన మనసులో ఉన్నది పవర్, వాట్లు. ఇన్నిట్లో పుస్తకం ఒప్పుకునే అర్థంలో మనం వాడేది దాదాపు ఒక్కచోటే, "కరెంటు కొట్టింది" అన్నప్పుడు. ఒంట్లోంచి నిజంగానే ప్రవాహం పోతేనే షాకు.

వోల్టేజీ ఎప్పుడూ రెండు చోట్ల మధ్య తేడా. ఒక్క చోటుకి వోల్టేజీ అంటే, మా ఇల్లు ఎంత దూరం అని అడిగినట్టే, ఎక్కణ్ణుంచి అని ఎదురడగాలి. తీగ మీద వాలిన కాకి అందుకే హాయిగా ఉంటుంది. రెండు కాళ్ళూ ఒకే తీగ మీద, జానెడు దూరం కూడా లేకుండా ఉంటాయి, ఆ కాస్త తీగలో తేడా దాదాపు ఏమీ ఉండదు. అదే కాకి రెక్క చాపి పక్క తీగని తాకిందా, ఇక చెప్పక్కర్లేదు.

పుస్తకంలో నిర్వచనం ఏమో ప్రమాణ ఆవేశాన్ని ఒక బిందువు నుంచి మరో బిందువుకి తరలించడానికి చేసే పని అని ఉంటుంది. ఇది బట్టీ పట్టడానికి రాసిన వాక్యంలా కనిపిస్తుంది గానీ, లెక్కలో పెడితే చాలా మంచి వాక్యం. ఆవేశాన్ని కొలిచేది కూలుంబుల్లో, పనిని కొలిచేది జౌళ్ళలో. ఆంపియర్ అంటే సెకనుకి ఒక కూలుంబు. వోల్టు అంటే కూలుంబుకి ఒక జౌలు. మన ఇంటికొచ్చే 230 వోల్టులంటే, దాటే ప్రతి కూలుంబూ 230 జౌళ్ళ పని చేసి పెడుతుందని. సెకనుకి ఎన్ని కూలుంబులు దాటుతున్నాయో, ఒక్కోటి ఎన్ని జౌళ్ళు ఇస్తోందో గుణిస్తే సెకనుకి ఎన్ని జౌళ్ళో వచ్చేస్తుంది, దాని పేరే వాటు. P = VI, అంటే పవర్ = వోల్టేజీ × ప్రవాహం, అనేది విడిగా గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు. 60 వాట్ల బల్బులోంచి ఎంత ప్రవాహం? 60 ని 230 తో భాగించు, పావు ఆంపియర్ కంటే ఓ పిసరు ఎక్కువ.

అందరూ చెప్పే నీళ్ళ ట్యాంకు పోలిక నేనూ చెప్పాను, మిద్దె మీద ట్యాంకు ఎత్తే వోల్టేజీ, గొట్టంలో పారే నీళ్ళే కరెంటు, గొట్టం సన్నగా ఉంటే నిరోధం ఎక్కువ అని. కానీ దీన్ని ఎక్కువ దూరం లాక్కెళితే పిల్లలు పడిపోతారు. గొట్టం కోస్తే నీళ్ళు కారిపోతాయి, తీగ కోస్తే ఏమీ కారదు, ప్రవాహం ఆగిపోతుంది. వలయం మూసుకుని ఉంటేనే కథ నడుస్తుంది. మా మేనకోడలు వెంటనే పట్టుకుంది కూడా, "మరి ట్యాంకులో నీళ్ళు అయిపోతాయి కదా, ఎలక్ట్రాన్లు అయిపోవా?" అని. అయిపోవు, అవి తిరిగొస్తూనే ఉంటాయి. బల్బు ఎలక్ట్రాన్లని తినదు, అవి మోసుకొచ్చిన శక్తిని తీసుకుంటుంది.

ఈ ఎలక్ట్రాన్ల వేగం చెబితే నమ్మలేదు. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న రాగి తీగలో ఒక ఆంపియర్ ప్రవహిస్తుంటే ఎలక్ట్రాన్లు ముందుకి జరిగే వేగం సెకనుకి సుమారు 0.07 మిల్లీమీటర్లు. గంటకి 25 సెంటీమీటర్లు, అంటే ఒక స్కేలు పొడవు కూడా కాదు, నత్త నవ్వుతుంది వీటిని చూసి. మరి స్విచ్ వెయ్యగానే బల్బు ఎలా వెలుగుతోంది? తీగంతా ముందే ఎలక్ట్రాన్లతో నిండి ఉంది, స్విచ్ పడగానే అన్నీ ఒకేసారి కదులుతాయి. గొట్టం నిండా నీళ్ళుంటే కుళాయి తిప్పగానే కుళాయి దగ్గరున్న నీళ్ళే పడతాయి, ట్యాంకులోంచి ఆ నీళ్ళు రావడానికి ఎంతసేపైనా పట్టనీ. ఇంటికొచ్చేది ఏసీ, అంటే అటూ ఇటూ దిశ మారుతూ ఉండే కరెంటు, కాబట్టి ఇక్కడ ఇంకో తమాషా, సెకనుకి 50 ఆవర్తనాలు, అంటే దిశ 100 సార్లు మారుతుంది, ఎలక్ట్రాన్లు ఉన్నచోటే ఊయల ఊగుతూ ఉంటాయి. స్తంభం మీంచి బయల్దేరి మన బల్బు దాకా నడిచొచ్చే ఎలక్ట్రాన్ అంటూ ఏదీ లేదు. నెలనెలా మనం బిల్లు కట్టేది ఆ ఊగులాటకి.

ఓమ్ నియమం దగ్గరికొచ్చాం. జార్జ్ సైమన్ ఓమ్ అంటే నాకు కాస్త అభిమానం, ఎందుకంటే ఆయన ఆ పని చేసేనాటికి జర్మనీలో కొలోన్ అనే ఊళ్ళో బడి పంతులు. తండ్రి తాళాలు చేసే పనివాడు. ఆ రోజుల్లో ఉన్న బ్యాటరీలతో వచ్చిన చిక్కేంటంటే కొలుస్తుండగానే వాటి బలం తగ్గిపోయేది, ఇంక దేంతో దేన్ని పోల్చాలి? ఆయన బ్యాటరీని పక్కన పెట్టి రాగినీ బిస్మత్‌నీ అతికించి, ఒక అతుకుని మరిగే నీళ్ళలో, ఇంకోదాన్ని మంచులో ఉంచాడు. ఆ రెండు వేడిమిల తేడా మారదు కాబట్టి దాన్నుంచి పుట్టే వోల్టేజీ కూడా మారదు. అప్పుడు తీగల పొడవులు మార్చుకుంటూ కొలుచుకుంటూ పోయాడు. 1827 లో పుస్తకం వేశాడు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, 1841 లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. అన్నేళ్ళు ఆగాల్సి వచ్చింది ఆ V = IR, అంటే వోల్టేజీ = ప్రవాహం × నిరోధం, అనే మూడక్షరాలకి.

ఈ నియమంలో పిల్లలు కళ్ళు మూసుకుని దాటేసే ముక్క ఒకటుంది, "స్థిర ఉష్ణోగ్రత వద్ద" అని. దాన్ని చూపించడానికి అటక మీద పాత డబ్బాలోంచి ఒక 100 వాట్ల బల్బు దింపాను, ఎల్‌ఈడీలు రాకముందు నాటిది. ముందు దాని నిరోధం లెక్క చెయ్యమన్నాను. 230 వర్గాన్ని 100 తో భాగిస్తే 529 ఓమ్‌లు. చేసింది. ఇప్పుడు మల్టీమీటర్ పెట్టి కొలువు అన్నాను. నలభై దరిదాపుల్లో చూపించింది. మీటరు పాడైందంది, మళ్ళీ పెట్టింది, అంతే. లెక్కా తప్పు కాదు, మీటరూ తప్పు కాదు. వెలిగేటప్పుడు ఆ టంగ్‌స్టన్ తీగ రెండున్నర వేల డిగ్రీలకి పోతుంది, లోహం వేడెక్కితే నిరోధం పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు పదో వంతు కూడా లేదు. అందుకే బల్బులు ఎక్కువగా స్విచ్ వేసిన క్షణంలోనే టప్పుమని పోయేవి, ఆ మొదటి క్షణంలో ప్రవాహం పది రెట్లకి పైగా దూకుతుంది మరి. మా అమ్మ ఏమో నువ్వు గట్టిగా స్విచ్ కొట్టావు కాబట్టి పోయింది అని తిట్టేది.

శ్రేణి, సమాంతర సంధానాలు సులువు, పెళ్ళి పందిట్లో చూస్తే చాలు. పాత సీరియల్ సెట్లలో ఆరు వోల్టుల బుల్లి బల్బులు నలభై దాకా ఒకదాని వెనక ఒకటి ఉండేవి, 230 ని అన్నీ పంచుకుంటే తలా ఆరు లోపు. ఒకటి పోతే వలయం తెగి అన్నీ పోయేవి. వినాయక చవితి పందిట్లో మేం చేసిన పనేంటంటే పోయిన బల్బుని పీకేసి తీగలు ముడేసేవాళ్ళం. బాగానే వెలిగేది, ఇంకా కాంతిగా కూడా వెలిగేది, అది చూసి మహా మురిసిపోయేవాళ్ళం. ఐదు పీకేస్తే మిగిలిన ముప్పై ఐదింటికి తలా ఆరున్నర వోల్టులు పడుతున్నాయని, అందుకే నిమజ్జనం లోపే మిగతావి కూడా వరసగా పోతున్నాయని అప్పుడు ఎవరికి తెలుసు.

ఇంట్లో వైరింగు సమాంతరం, ఎవరి 230 వాళ్ళది, ఫ్యాను ఆపితే టీవీ ఆగదు. ఇక్కడ పరీక్షల్లో అడిగే పాత ప్రశ్న ఒకటి, 60 వాట్ల బల్బూ 100 వాట్ల బల్బూ శ్రేణిలో కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? 60 ది. ఇది నేను డిప్లొమా మొదటి ఏడాది ల్యాబ్‌లో కళ్ళారా చూశాక కూడా కాసేపు నమ్మలేదు. సమాంతరంలో ఇద్దరికీ వోల్టేజీ సమానం కాబట్టి తక్కువ నిరోధం ఉన్న 100 గాడు ఎక్కువ లాగుతాడు. శ్రేణిలో ఇద్దరిలోంచీ పోయేది ఒకటే ప్రవాహం, అక్కడ నిరోధం ఎక్కువ ఉన్నవాడి దగ్గరే ఎక్కువ వేడి పుడుతుంది, ఆ ఎక్కువ నిరోధం 60 ది. ఏ ఫార్ములా వాడాలి, V²/R నా, I²R నా అని పిల్లలు తల పట్టుకుంటారు. ఇద్దరికీ ఏది సమానమో అది ఉన్న ఫార్ములా వాడండి, అంతే గొడవ. అన్నట్టు ఈ ప్రయోగం ఇంటి లైను మీద ఇంట్లో చెయ్యొద్దు, రెండు టార్చి బల్బులూ నాలుగు సెల్లులూ పెట్టుకుని చేసుకోండి.

రెండో రోజు సాయంత్రం మా నాన్న వచ్చి మా పాఠాన్ని పాడుచేశాడు. నిజానికి బాగుచేశాడు. మా బోరుకి ఐదు హార్స్‌పవర్ మోటారు, దాని వైండింగ్ ఎన్నిసార్లు చేయించామో లెక్కలేదు. "లో వోల్టేజీకి మోటారు కాలిపోద్ది" అన్నాడు మాటల్లో. మనవరాలు పుస్తకం చూపించి, "లేదు తాతయ్యా, V తగ్గితే I తగ్గాలి, I తగ్గితే వేడి కూడా తగ్గాలి, కాలకూడదు" అంది. నాన్న నా వైపు చూశాడు, ఈ చదువులకేనా ఫీజులు కడుతున్నది అన్నట్టు.

దీనికి సమాధానం పదో తరగతి పుస్తకంలో ఉండదు, కానీ పల్లెటూళ్ళో పుట్టిన ప్రతి పిల్లకీ తెలియాలని నా అభిప్రాయం. మోటారు నిరోధం కాదు, దానికి ఓమ్ నియమం ఉన్నదున్నట్టు అంటించకూడదు. అంత లోతు నుంచి నీళ్ళు పైకి తోడాలంటే సెకనుకి ఇంత పని అని ఉంది, వోల్టేజీ తగ్గిందని బోరు లోతు తగ్గదుగా. వోల్టేజీ ఐదో వంతు పడిపోతే అదే పని చెయ్యడానికి మోటారు నాలుగో వంతు ఎక్కువ ప్రవాహం లాగుతుంది. వైండింగులో పుట్టే వేడి మాత్రం ప్రవాహం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. ఇంకా ఘోరం ఏంటంటే, తిరిగే మోటారు తన లోపల ఒక ఎదురు వోల్టేజీ పుట్టించుకుని ప్రవాహాన్ని అదుపులో పెట్టుకుంటుంది. వోల్టేజీ మరీ పడిపోయి మోటారు కదల్లేక మూలుగుతూ నిలబడిపోతే ఆ ఎదురు లేదు, అప్పుడు మామూలుకంటే కొన్ని రెట్లు ఎక్కువ లాగుతుంది. స్టార్టర్‌లో, ఎక్కువ లాగితే లైను తెంపే రిలే సరిగ్గా ఉంటే పడిపోయి కాపాడుతుంది, మనవాళ్ళు అది మాటిమాటికీ పడిపోతోందని పుల్ల అడ్డం పెడతారు, ఇక కాలక ఏం చేస్తుంది.

మరి వోల్టేజీ ఎందుకు పడిపోయింది? ఇక్కడికొచ్చేసరికి ఓమ్ గారు పనికొచ్చారు. ఆయన మోటారులో లేడు, తీగలో ఉన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మా పొలం దాకా వచ్చే తీగకి కాస్తో కూస్తో నిరోధం ఉంటుంది. లైను రాగానే వాటంతటవే ఆన్ అయ్యే ఆటో స్టార్టర్లు పెట్టుకుని పాతిక మోటార్లు ఒక్కసారి లేస్తే ఆ తీగలో I పెరుగుతుంది, I పెరిగితే తీగ మీదే పోయే IR పెరుగుతుంది, చివరి పొలానికి మిగిలేది తక్కువ. మా పొలం చివరిది. వోల్టేజీ తక్కువని అన్ని మోటార్లూ ఇంకా ఎక్కువ లాగుతాయి, లాగేకొద్దీ ఇంకా పడుతుంది. ఇదంతా చెప్తుంటే నాన్న, "అదే నేనూ చెప్పేది, అందరూ ఒకేసారి వెయ్యొద్దురా అంటే ఎవడు వింటాడు" అన్నాడు.

కిర్చాఫ్ నియమాలు పది నిమిషాల్లో అయిపోయాయి. ఆయన వాటిని 1845 లో కనిపెట్టేనాటికి ఇరవయ్యొక్కేళ్ళ విద్యార్థి. మొదటిది ప్రవాహాల గురించి, కాలవ దగ్గర చూసేదే, తూము దగ్గరికొచ్చిన నీళ్ళెన్నో విడిపోయి పోయే నీళ్ళన్నీ కలిపి అంతే. రెండోది వోల్టేజీల గురించి, దానికి తిరుమల గుర్తు చేశాను. అలిపిరి దగ్గర మెట్లెక్కి వెళ్ళు, దర్శనం చేసుకుని ఘాట్ రోడ్డు బస్సులో దిగు, ఏ దారిన తిరిగినా మళ్ళీ అలిపిరి చేరేసరికి ఎక్కిన ఎత్తంతా దిగేసి ఉంటావు. బ్యాటరీ ఎక్కిస్తుంది, నిరోధాలు దింపుతాయి, చుట్టు తిరిగొస్తే మొత్తం సున్నా.

యూనిట్ల సంగతి ఇంకా తక్కువ. వెయ్యి వాట్లు గంటసేపు, అది ఒక యూనిట్టు, 36 లక్షల జౌళ్ళు. 2000 వాట్ల గీజర్‌కి అరగంట చాలు. 75 వాట్ల ఫ్యాను పదమూడు గంటలు తిరగాలి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు నాలుగు రోజుల పైన రాత్రీ పగలూ వెలగాలి. బాత్రూంలో లైటు ఆపలేదని పిల్లల్ని తిట్టి గీజర్ మర్చిపోయే పెద్దమనుషులు మా ఇంట్లోనే ఉన్నారు, పేరు చెప్పను.

ఆఖరి రోజు ప్రయోగం చేద్దామంది. నాలుగు నిమ్మకాయలు, నాలుగు జీఐ మేకులు, పాత వైరులోంచి ఒలిచిన రాగి తీగ ముక్కలు. మేకు మీదుండే జింక్ ఒక వైపు, రాగి ఒక వైపు. 1800 లో వోల్టా అనే ఇటలీ శాస్త్రవేత్త ఉప్పునీటి అట్టముక్కల మధ్య లోహపు బిళ్ళలు పేర్చి చేసిన పనే ఇది, మనకి నిమ్మరసం. ఒక్కో కాయకి మీటరు 0.9 చూపించింది, నాలుగూ వరసగా కలిపితే మూడున్నర దాటింది. దాని ముఖం చూడాలి అప్పుడు. "టార్చిలో రెండు సెల్లులకి మూడు వోల్టులే, మనదే ఎక్కువ" అని టార్చి బల్బు తగిలించింది. వెలగలేదు. కాస్త ఎర్రబడను కూడా లేదు. తీగలు మార్చింది, మేకులు ఇంకా లోపలికి గుచ్చింది, లాభం లేదు.

నేనేమీ మాట్లాడలేదు, బల్బు తగిలించి ఉంచే మళ్ళీ మీటరు పెట్టమన్నాను. మూడున్నర కాస్తా సున్నాకి పడిపోయి ఉంది. కాసేపు చూసి, "వోల్టేజీ ఉంది, కానీ కరెంటు ఇవ్వలేకపోతోంది" అంది, మూడు రోజుల్లో మొదటిసారి రెండు మాటల్నీ వేటి చోట వాటిని పెట్టి. అవును, నిమ్మకాయ లోపలి నిరోధం వేల ఓమ్‌లు, టార్చి బల్బుది పది కూడా లేదు, మొత్తం వోల్టేజీ నిమ్మకాయల్లోనే ఖర్చయిపోయింది. తర్వాత ఒక ఎర్ర ఎల్‌ఈడీ ఇచ్చాను, దానికి రెండు వోల్టుల లోపు, మిల్లీ ఆంపియర్‌లో సగం ఉన్నా చాలు. తలుపులు మూసి చూస్తే సన్నగా, అగరొత్తి కొనలా వెలిగింది.

అప్పుడే అమ్మ వచ్చి ఆ నిమ్మకాయలు పులిహోరలోకి తెచ్చినవని గొడవ పెట్టుకుంది, తీగలు పీకి ఇచ్చెయ్యండి, కడిగి వాడుకుంటానంది. వాటిల్లోకి జింక్ కరిగి ఉంటుంది, పనికిరావు అమ్మమ్మా అని మనవరాలే వాటిని తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేసింది. బజారుకి నేను పోవాల్సొచ్చింది.